మందుపాతరయు మానవుని మెలకువయు

(రెంటచింతల గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పల్నాటి రైతునకు పాతర యన్నది క్రొత్త మాట కాదు. నేలను త్రవ్వి, గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి, కరవుకాలమునకు దాచుకొనిన చోటు పాతర. అది ప్రాణమును నిలుపునది. దారిలో ప్రాణము తీయుటకై పూడ్చిపెట్టిన ప్రేలుడు సామగ్రికిని ఆ మాటనే చేర్చి మందుపాతర యని పేరు పెట్టిరి. రెండును కంటికి కనబడవు. రెండును తమ సమయమునకై కాచుకొనియుండును. ఇట్టి కనబడని శత్రువును పోలీసు దళములును, సైన్యములును ఎట్లెదుర్కొన నేర్చుకొన్నవో విచారించుటయే నేటి విషయము. ఇది దూరదేశపు ముచ్చట కాదు. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతముల నానుకొనియున్న నల్లమల అడవి యొకప్పుడు ఈ పోరాటమునకు రంగస్థలమైనది. ఆ పోరాటమున ఎవరి వాదము సరియైనదను చర్చ ఈ ఉపన్యాసమునకు వెలుపలిది. చనిపోయినవారిలో పేదయింటి బిడ్డలు ఇరుప్రక్కల నుండిరనుట మాత్రము మరువరానిది.

మందుపాతర బలము మందులో కంటె మనుష్యుని అలవాటులో నున్నది. ఫలానా బండి ఫలానా త్రోవన ఫలానా వేళకు వచ్చునని తెలిసినగాని పాతిపెట్టినవానికి ఫలము లేదు. 2000 మార్చి 7వ తేదీన ఘటకేసరు వద్ద నాటి పంచాయతీరాజ్ మంత్రి ఎ. మాధవరెడ్డి ప్రయాణించుచున్న కారు మందుపాతరకు బలియైనది. 2003 అక్టోబరు 1వ తేదీన తిరుమల బ్రహ్మోత్సవములకు పోవుచున్న నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు అలిపిరి వద్ద గాయములతో బయటపడిరి. బ్రహ్మోత్సవముల తేదీ పంచాంగమెరిగిన ప్రతివానికి తెలియును. కొండకు పోవు దారియు తెలియును. దాడి చేయువానికి అంతకన్న వేరే వేగు అవసరము లేదు.

ఈ విద్యకు మూలసూత్రములు మన మహాభారతము ఆదిపర్వముననే కలవు. వారణావతమున పాండవులకు కట్టించిన లక్కయిల్లు ఆనాటి మందుపాతరయే. నేతి వాసనను, లక్క వాసనను పసిగట్టి ధర్మరాజు కుట్రను గ్రహించెను. విదురుడు పంపిన ఖనకుడు నేలక్రింద సొరంగము త్రవ్వెను. పాండవులు పగలు వేటనెపమున అడవులు తిరిగి దారులెరిగిరి. నక్షత్రములను చూచి దిక్కులు తెలిసికొనిరి. రాత్రివేళ కాలినడకన వెడలిపోయిరి. ముందుగా తెలిసికొనుట, ఎదిరి యెరుగని మార్గమును సిద్ధపరచుకొనుట, కాళ్లను నమ్ముకొనుట — ఈ మూడింటిని మించిన ఉపాయము నేటివరకు పుట్టలేదు.

1989లో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలో కె.ఎస్. వ్యాస్ అను అధికారి నాయకత్వమున ఏర్పడిన గ్రేహౌండ్స్ దళము ఈ సూత్రములనే ఆశ్రయించినది. అంతకుముందు పోలీసులు జీపులలోను, వ్యానులలోను అడవిబాటల వెంట పోవుచుండిరి. కల్వర్టుల క్రింద దాచిన మందుపాతరలకు ఆహుతి యగుచుండిరి. క్రొత్త దళమువారు బాటను విడిచిరి. చిన్నచిన్న జట్లుగా విడిపోయి, తిండియు నీరును వీపున మోసికొని, గుట్టలవెంట రాత్రులు నడువ నేర్చిరి. పోయిన దారిన మరలి రాకుండుట వారి నియమము. బండి లేనివానికై బాటలో పాతిన పాతర వృథా. ఈ మార్పునకు గొప్ప యంత్రములు కావలసిరాలేదు. సుఖమును విడుచు మనస్సు కావలసివచ్చినది. అయినను విధి విపరీతము చూడుడు: 1993 జనవరి 27వ తేదీన హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో వ్యాయామము చేయుచుండగా వ్యాస్‌ను కాల్చి చంపిరి. అడవిలో అప్రమత్తత నేర్పినవాడు నగరము నడుమ, నిరాయుధమైన వేళలో కూలెను.

ఇక ఇనుమును నమ్ముకొన్నవారి కథ. అడుగుభాగము చదునుగానున్న బండి క్రింద మందు ప్రేలినచో ఆ దెబ్బ యంతయు లోపలివారికి తగులును. అడుగును పడవ అడుగువలె కోసుగా చేసి, నేలకు ఎత్తుగా నిలిపినచో, రెండువాలుల కప్పుపై పడిన వాన ఇరుప్రక్కలకు జారినట్లు దెబ్బ ప్రక్కలకు మరలును. దక్షిణాఫ్రికావారు ముందుగా ఈ తీరు బండ్లను విరివిగా వాడిరి. మన దేశమున మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలోను ఇట్టివి తయారైనవి. 2003 తరువాత ఇరాకులో అమెరికా సైన్యము ఇదే పాఠమును బహుమూల్యము చెల్లించి నేర్చుకొని, ఇట్టి బండ్లను 25,000కు పైగా చేయించినది. రేడియో సంకేతములతో పేల్చు పాతరలను ఆపుటకు జామర్లను పెట్టినది. అంతట ఎదిరివారు తీగెలకును, త్రొక్కిన పేలు పాతరలకును మరలిరి; మందు పాళ్లు పెంచిరి. తాళము గట్టిపడినకొలది దొంగ గునపము పెద్దదగుట లోకసహజము.

2008వ సంవత్సరము ఈ సత్యమును మనవారికి కఠినముగా బోధించినది. జూన్ 29వ తేదీన ఒడిశాలోని బలిమెల జలాశయమున లాంచీపై వచ్చుచున్న గ్రేహౌండ్స్ దళముపై ఒడ్డుననున్న కొండలనుండి కాల్పులు జరిపిరి. ముప్పదిమందికి పైగా మరణించిరి. నడకను నమ్మి బ్రతికినవారు ఆ యొక్కనాడు ప్రయాణికులైరి. మూడు వారములు తిరుగకముందే, జూలై 16న, అదే మల్కనగిరి జిల్లాలో మందుపాతరను తట్టుకొనుటకై చేసిన బండియే ప్రేలి 17మంది ఒడిశా పోలీసులు నేలకొరిగిరి. ఇనుము ఉపయోగపడదని దీని యర్థము కాదు. ఇనుమున్నదను ధైర్యమున మెలకువను విడువరాదని యర్థము.

అలసట కూడ పాతరకు చుట్టమే. 2023 ఏప్రిల్ 26న ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లా అరన్‌పూర్ వద్ద పదిమంది జవానులు, వారి డ్రైవరు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు వద్ద ఎనమండుగురు జవానులు, వారి డ్రైవరు ప్రాణములు కోల్పోయిరి. రెండు చోట్లను వారు పని ముగించుకొని తిరిగివచ్చుచు బండి యెక్కినవారే. పోవునప్పటి జాగ్రత్త వచ్చునప్పుడు నిలుచుట కష్టము. ఇల్లు దగ్గరపడినకొలది కాళ్లు బరువెక్కును, కన్ను తేలికపడును.

కనిపెట్టు విద్యయు ప్రాచీనమైనదే. విషమును చూచినచో చకోరపక్షి కన్నులెఱ్ఱబడునని కౌటిల్యుడు అర్థశాస్త్రమున వ్రాసెను. నేడు ఆ చకోరము స్థానమున శునకము వచ్చినది. మందు వాసనను పసిగట్టుటకు దానికి శిక్షణనిచ్చుచున్నారు. బండ్లు కదలకముందే బాట వెంట నడచి కల్వర్టులను, క్రొత్తగా కదిలిన మన్నును, తీగెలను పరీక్షించు దళము లేర్పడినవి. మట్టిబాటకంటె తారురోడ్డున పాతుట కష్టము, పాతిన జాడ దాచుట కష్టము. కనుక రోడ్డు వేయుటయు రక్షణలో భాగమైనది.

కాని నడకకును విరుగుడు పుట్టినది. అడుగు మోపిన పేలు పాతరలను కాలిదారులలో పెట్టసాగిరి. 2025లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దునగల కఱ్ఱెగుట్టలపై ఇట్టివి వందలకొలది బయటపడినవని కేంద్ర బలగములు ప్రకటించినవి. ఆ సంవత్సరము మే 8న ములుగు జిల్లా వాజేడు ప్రాంతమున ముగ్గురు గ్రేహౌండ్స్ జవానులు ప్రేలుడులో మరణించిరి. పాతరకు జవాను అడుగునకును, కట్టెలకు పోయిన గిరిజనుని అడుగునకును భేదము తెలియదు. పోరాటము చల్లారినను పాతర చల్లారదు. పెట్టినవాడు చనిపోయినను, చోటు మరచినను అది కాచుకొనియే యుండును. కావున గెలుపోటములు తేలిన తరువాతను, ప్రతి జానెడు నేలను ఓర్పుతో వెదకి శుద్ధిచేయువరకు పని పూర్తియైనట్లు కాదు.

2004 అక్టోబరులో ప్రభుత్వముతో చర్చలకై అడవినుండి వెలుపలికి వచ్చిన నక్సలైటు నాయకులు పిడుగురాళ్ల దాపున గుత్తికొండ బిలము కడ సభ జరిపినప్పుడు చుట్టుప్రక్కల జనము వేలుగా చేరిరి. 2005 ఆరంభముననే చర్చలు చెడినవి; తుపాకులు మరల మ్రోగినవి. ఆ దినములలో అడవి అంచు గ్రామస్థుడు ఇరువైపుల భయముతో బ్రతికెను. కదిలిన మన్నును ముందుగా చూచువాడు పశువుల కాపరి. క్రొత్త మనుష్యుని ముందుగా గుర్తించువాడు సేద్యగాడు. వాడు నోరు విప్పినచో పది ప్రాణములు నిలుచును. భయపెట్టి వాని నోరు విప్పించుట సాధ్యము కాదు. వాని మర్యాదను కాపాడినవానికే వాడు చెప్పును. విదురుడు పాండవుల మేలు కోరినవాడు గనుకనే చెప్పెను.

ఆ విదురుడు పలికిన హెచ్చరిక అందరికి తెలియని భాషలో నుండెను. ప్రక్కననే యున్న కుంతికి అది అర్థము కాలేదు; ఆ భాష నేర్చిన ధర్మరాజునకు మాత్రమే అర్థమాయెను. నెమ్మదికాలమున నేర్చిన విద్య ఆపత్కాలమున ఆరుగురి ప్రాణములను కాపాడినది. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున పుస్తకములను కాపాడుచున్నవారి శ్రమయు అట్టిదే. జొన్నల పాతరవలె ఈ గ్రంథాలయమును నిండుగా నుంచుట మన విధి.

స్వస్తి.