విడతలుగా దిగే మందుబిళ్ళ



వరి వేసే నాగాయలంక రైతుకు యూరియాను ఒక్కసారే కుమ్మరించరాదని చెప్పనక్కరలేదు. దమ్ములో కొంత, దుబ్బుచేసే దశలో కొంత, అంకురం దశలో కొంత వేస్తాము. ఒక్కసారే వేస్తే పైరుకు అందేది తక్కువ, వృథా పోయేది ఎక్కువ. మన వంట్లో పడే మందు సంగతీ యించుమించు యింతే. కొన్ని బిళ్ళలలో యీ విడతలు వేసే పని బిళ్ళే చూసుకుంటుంది.

యెట్లాగంటారా? చెంచాడు సబ్జా గింజలు నీళ్ళలో వేసి చూడండి. కాసేపటికి ప్రతి గింజ చుట్టూ జిగురు పొర వుబ్బుతుంది. యీ బిళ్ళలో మందుతోపాటు నీటిని పీల్చే పొడి కలిపి వుంటుంది. కడుపులో తడి తగలగానే పైపొడి వుబ్బి జిగురవుతుంది. లోపలి మందు కరిగి, ఆ జిగురు గుండా మెల్లగా వూరి బయటికి రావాలి. జిగురు గూడా పైనుంచి కొద్దికొద్దిగా అరుగుతుంది. అందుచేత త్వరగా దిగిపోవలసిన మందు గంటల తరబడి దిగుతుంది. రోజుకు రెండు మూడు బిళ్ళలు వేసుకునేచోట ఒకటి చాలవచ్చు.

ఆ పొడి యేదో వింత వస్తువు కాదు. ఎక్కువగా వాడేది కొయ్యగుజ్జు నుంచి, ప్రత్తిగింజల మీది నూగు నుంచి తీసిన సెల్యులోజును మార్చి చేసినది. గోరుచిక్కుడు గింజల జిగురూ పనికి వస్తుంది. రొయ్యపెంకు నుంచి తీసే కైటోసాన్ మీద గూడా యిందుకై పరిశోధనలు జరిగినవి. మన చెరువుల గట్టున పారవేసే పెంకే సుమండీ!

ఇక అసలు సంగతి. రక్తపుపోటుకో, చక్కెర వ్యాధికో యిచ్చిన బిళ్ళ పెద్దదిగా వున్నదని కొందరు నూరి పెద్దవాళ్ళకు పడతారు. నూరితే ఆ జిగురు గోడ కట్టుకోదు. గట్టు తెగిన కాలువలాగా రోజంతటి మందు ఒక్కపెట్టున దిగుతుంది. రక్తపుపోటు హఠాత్తుగా పడిపోయి మనిషి తూలిపడవచ్చు. కాబట్టి పేరు పక్కన ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఆర్. వంటి అక్షరాలు వుంటే నూరవద్దు, నమలవద్దు. గీత వున్న కొన్నింటిని సగానికి విరవవచ్చును గాని, డాక్టరుగారు చెప్పితేనే. మింగలేనివారు ఆ మాటే చెప్పి వేరే మందు అడగాలి. పురుగుమందు డబ్బా మీది గుర్తులు చదివి చెప్పే వ్యవసాయ సహాయకులు, యీ అట్ట మీది అక్షరాలు గూడా చదివి చెప్పితే మేలు.

మరొక మాట. మెట్‌ఫార్మిన్‌లో యీ రకం వాడేవారికి విరేచనంలో మెత్తని బిళ్ళ ఆకారం కనబడవచ్చు. మందు వంటబట్టలేదని యింకొకటి మింగవద్దు. అది మందు దిగిపోగా మిగిలిన జిగురు, వడ్లు ఆడించగా మిగిలిన వూక వంటిది.