ఖాతా కూడా అమానతే
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బీరువా తాళం ఎవరి దగ్గరుంది, చెక్కుబుక్కు ఎవరి దగ్గరుంది అని అడిగితే ఇక్కడున్న చాలామంది వెంటనే చెబుతారు. మన వాట్సాప్ నంబరు, యూట్యూబ్ ఛానల్ ఈ క్షణాన ఎన్ని ఫోన్లలో, ఎన్ని కంప్యూటర్లలో తెరిచి ఉన్నాయని అడిగితే జవాబు అంత తేలిగ్గా రాదు.

రంజాన్ వస్తే జకాత్, ఫిత్రా విజ్ఞప్తి ఇప్పుడు ఎక్కువగా వాట్సాప్‌లోనే, క్యూఆర్ కోడ్‌తో సహా అందుతోంది. మీరు సొసైటీ పేరు చూసి నమ్మి పంపుతారు. ఆ ఖాతాలోకి చొరబడినవాడు మన పేరుతోనే తన కోడ్ పంపితే నష్టపోయేది పిల్లల ఫీజు, వితంతువుల నెల రేషను. అందుకే ఖాతా కూడా అమానతే అంటున్నాను.

"పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు కదా" అని మనం నిశ్చింతగా ఉంటాం. అది చాలదు. ఒక పరికరంలో ఒకసారి లాగిన్ అయితే అది గుర్తుపెట్టుకుంటుంది, మళ్ళీ పాస్‌వర్డ్ అడగకపోవచ్చు. బ్యానర్ కోసం డీటీపీ షాపులో తెరిచిన ఖాతా, మనం ఇంటికొచ్చినా అక్కడ తెరిచే ఉండవచ్చు. హాలులో టీవీకి పెట్టిన లాగిన్, ఆ టీవీ అమ్మేసినా అందులోనే ఉండవచ్చు.

చూసుకోవడం కష్టం కాదు. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరవండి. ప్రధాన ఫోను కాక నాలుగు పరికరాల వరకు జతచేయవచ్చు. ఏది చివరిసారి ఎప్పుడు వాడారో అక్కడే కనిపిస్తుంది. తెలియనిది ఉంటే దాన్ని నొక్కి లాగ్ అవుట్ చేయండి. ప్రధాన ఫోను 14 రోజులకు మించి వాడకపోతే జతచేసినవి వాటంతటవే తెగిపోతాయి. మన ఫోను రోజూ వాడుకలో ఉంటుంది కనుక దాని మీద ఆధారపడలేం.

యూట్యూబ్‌కు గూగుల్ ఖాతాలోని 'సెక్యూరిటీ' భాగంలో 'యువర్ డివైసెస్' చూడండి. అక్కర్లేనివి సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. రికవరీకి ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్ ఎవరివో తప్పక చూడండి. పాత కార్యదర్శి నంబరే అక్కడ ఉండిపోతే, కొత్త పాస్‌వర్డ్ పెట్టినా తాళం పూర్తిగా మన చేతికి రానట్లే.

వీడియోలు ఎక్కించే కుర్రాళ్ళకు పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలో మేనేజర్, ఎడిటర్ వంటి అనుమతులు ఎవరి ఈమెయిల్‌కు వారికి ఇవ్వవచ్చు. అబ్బాయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళినప్పుడు అతని పేరు ఒక్కటి తీసేస్తే సరిపోతుంది. ఇందులో ఎవరినీ అనుమానించడం లేదు. లెక్క రాసుకుంటే నిజాయితీపరుడికే రక్షణ.

ఇంకో మాట. ఎవరైనా ఫోన్ చేసి ఫలానా క్యూఆర్ స్కాన్ చేయండి, ఎనిమిది అక్షరాల కోడ్ మీ వాట్సాప్‌లో ఎక్కించండి అంటే ఆగండి. మీ చేతులతోనే వాళ్ళ కంప్యూటర్‌ను మీ ఖాతాకు జతచేయించే ఎత్తు అది కావచ్చు.

దాతలకు నా మనవి: కొత్త కోడ్ వస్తే డబ్బు పంపేముందు తెరమీద వచ్చే పేరు చదవండి. తేడా ఉంటే మీకు తెలిసిన కమిటీ సభ్యునికి నేరుగా ఫోన్ చేయండి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫిర్యాదు ఇవ్వండి.

కమిటీకి నా ప్రతిపాదన: నెలవారీ లెక్కలు చూసే రోజునే పరికరాల జాబితా కూడా ఇద్దరు సభ్యులు చూసి సంతకం చేయాలి. కమిటీ మారినప్పుడు తాళాలు, చెక్కుబుక్కులతో పాటు ఆ జాబితా కూడా అప్పగించాలి. దీనికి పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు చాలు.

అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.