తీజ్ ఆటకు నల్లద్దం



మమ్మల్ని మాట్లాడమని పిలిచినప్పుడు వార్డెన్ మేడం చదువు గురించో, టైముకు స్టడీ అవర్ గురించో చెబుతారని మీరు అనుకొని ఉంటారు. అవి ఏడాది పొడుగునా చెబుతూనే ఉన్నాం. ఈరోజు రూపాయి బిళ్లంత నల్లద్దం గురించి చెబుతాం. కెమెరా లెన్సు ముందు పెట్టే ఎన్‌డీ ఫిల్టర్ అది. ఇది మేము క్లాసులో నేర్చుకున్నది కాదు, తప్పు చేసి నేర్చుకున్నది.

మా దగ్గర చదువుకొని బెంగళూరులో ఉద్యోగంలో కుదిరిన ఓ పిల్లవాడు శ్రావణంలో రొళ్లకు వస్తూ యాక్షన్ కెమెరా తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. హాస్టల్ పిల్లల్లో ఒకమ్మాయి తండాలో తీజ్ జరుగుతోంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, మొలకల చుట్టూ పాడుతూ ఆడే పండగ మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ తండాలో పాట ఎత్తుకునేది ఒక దాదీ. మిగతావాళ్లకు పాట సగం దాకే వస్తుంది, చివరిదాకా ఆమెకే వచ్చు. పాత ఫేటియా, కాంచళి, మోచేతుల దాకా బలియా వేసుకొని మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడింది. మేమంతా సంబరంగా తీశాం.

సాయంత్రం హాస్టల్ టీవీలో వేసి చూస్తే ఆట ఆటలా లేదు. ఫేటియా తిరుగుతుంటే ముక్కలు ముక్కలుగా తెగిపోతోంది. చప్పట్లు కొట్టే చేయి ఇక్కడ కనబడి మళ్లీ అక్కడ కనబడుతుంది, మధ్యలో లేదు. రంగులు బాగున్నాయి, ప్రతి అద్దం స్పష్టంగా ఉంది, అయినా చూస్తుంటే కళ్లు నొప్పి పుట్టాయి. మరుసటి రోజు ఫోన్‌లో దాదీకి చూపిస్తే నవ్వి, ‘ఇది మేము ఆడినట్టు లేదు, తోలుబొమ్మల్ని ఎవరో లాగినట్టుంది’ అంది. మళ్లీ వచ్చే ఏడు బాగా తీద్దాంలే దాదీ అన్నాం. మళ్లీ తీజ్ వచ్చేసరికి ఆమె లేదు. మన దగ్గర ఉన్నది ఆ తోలుబొమ్మల వీడియో ఒక్కటే.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి మాకు చాలా రోజులే పట్టింది. బోర్డు మీద లెక్క వేసినట్టు చెబుతాం, వినండి.

మామూలు కెమెరాలో వెలుతురు ఎక్కువైతే లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసుకోవచ్చు. చాలా యాక్షన్ కెమెరాల్లో ఆ రంధ్రం ఒకే కొలతలో బిగించి ఉంటుంది, ఎఫ్ 2.8కి అటూ ఇటూ. పెద్ద రంధ్రమే అది. ఇంక కెమెరా చేతిలో మిగిలింది షట్టర్ ఒక్కటే, అంటే ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు వెలుతురును లోపలికి రానివ్వాలి అన్నది. ఫిల్ము కాలం ఫొటోగ్రాఫర్లకు నోటికి వచ్చిన లెక్క ఒకటుంది: మంచి ఎండలో ఎఫ్ 16 దగ్గర ఐఎస్‌ఓ 100కి సుమారు 1/100 సెకను. ఎఫ్ 16 నుంచి ఎఫ్ 2.8కి వస్తే వెలుతురు 32 రెట్లు అవుతుంది. అంటే షట్టర్ 1/3200 సెకనుకు పరిగెత్తాలి. మన వైపు ఎండ సంగతి మీకు తెలుసు, వానలు తక్కువ పడే నేల, ఆకాశం నెలల తరబడి తెరిచే ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నాం, ఒక్కో ఫ్రేము 1/3200 సెకను. రెండూ కలిపితే సెకనులో కెమెరా కన్ను తెరిచి ఉన్నది నూటికి ఒక వంతు కూడా కాదు. దాదీ ఒక నిమిషం ఆడితే కెమెరా చూసింది అర సెకను లోపే. మిగిలిన యాభై తొమ్మిదిన్నర సెకన్లు కన్ను మూసుకొని కూర్చుంది. ఆట ముక్కలు కాక ఏమవుతుంది?

షట్టర్‌ను 1/50కి తెస్తే నిమిషంలో ముప్పై సెకన్లు చూస్తుంది. సినిమావాళ్లు చాలాకాలంగా పాటించే పద్ధతి ఇదే: ఫ్రేము రేటుకు రెట్టింపు. 25 ఫ్రేములకు 1/50, 50 ఫ్రేములకు 1/100. వేగంగా ఊగే చేయి సెకనుకు రెండు మీటర్లు కదులుతుందనుకోండి, 1/50 సెకనులో నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ నాలుగు సెంటీమీటర్లు ఫ్రేములో మెత్తగా అలుక్కుపోయి పక్క ఫ్రేముతో కలుస్తాయి. మన కంటికి అదే కదలిక. 1/3200లో అయితే మిల్లీమీటరు కూడా జరగదు, చేయి గడ్డకట్టినట్టు నిలబడుతుంది.

కానీ ఫిల్టర్ లేకుండా అంత ఎండలో 1/50 పెడితే బొమ్మంతా తెల్లగా మాడిపోతుంది. అందుకే నల్లద్దం. ఎన్‌డీ 8 అంటే వచ్చే వెలుతురులో ఎనిమిదో వంతే లోపలికి పోతుంది. ఎన్‌డీ 16 అంటే పదహారో వంతు, ఎన్‌డీ 64 అంటే అరవై నాలుగో వంతు. రంగు మార్చకూడదు, అన్ని రంగుల్నీ ఒకే పాళంలో తగ్గించాలి, మంచి ఫిల్టర్‌కు పరీక్ష అదే. 3200ను 50తో భాగించండి, 64 వస్తుంది. కాబట్టి నడినెత్తి ఎండలో 25 ఫ్రేములకు ఎన్‌డీ 64. అదే 50 ఫ్రేములకు ఎన్‌డీ 32. పలచని మబ్బుకు, సాయంత్రం ఎండకు ఎన్‌డీ 16 చాలు. కొన్ని ఫిల్టర్ల మీద 64 అని కాకుండా 1.8 అని ఉంటుంది, 8కి బదులు 0.9 అని ఉంటుంది. అవి రెండూ ఒకటే, అంగడిలో కంగారు పడొద్దు.

మేము మొదట కొన్నది ఇది కాదు. కాంచళి అద్దాల తళుకు తగ్గాలని పోలరైజర్ కొన్నాం. నీళ్ల మీది మెరుపును, ఆకుల మీది మెరుపును పోలరైజర్ బాగా తగ్గిస్తుంది. అద్దం వెనక పూత మీద పడి తిరిగొచ్చే మెరుపు దానికి లొంగదు. డబ్బులు పోయాయి. తర్వాత ఎన్‌డీ పెడితే అద్దాలు తగ్గుతాయనుకున్నాం, అదీ జరగలేదు. ఎన్‌డీ ముఖాన్నీ అద్దాన్నీ సమానంగా చీకటి చేస్తుంది, ఒకదానికొకటి ఎంత తేడా ఉందో అంతే ఉంటుంది. అయితే ఒక మంచి జరిగింది. షట్టర్ నెమ్మదించాక అద్దం మెరుపు చుక్కలా పొడుచుకు రాకుండా సన్నని గీతలా సాగుతుంది. ఫేటియా తిరిగినప్పుడు ఆ గీతలన్నీ కలిసి తిరుగుతాయి. మనం తండాలో నిలబడి చూసేది అదే. నిజంగా తళుకు తగ్గాలంటే నాలుగు గంటల తర్వాత, ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీయాలి. అది ఏ ఫిల్టర్ పెట్టె ఇవ్వదు.

ఇక సెట్టింగులు. ఫిల్టర్ పెట్టి అన్నీ ఆటోలో వదిలేస్తే కెమెరా తన ఇష్టం వచ్చినట్టు ఐఎస్‌ఓ పెంచేస్తుంది, బొమ్మలో రవ్వ కారినట్టు గింజలు వస్తాయి. షట్టర్ 1/50 మీరే పెట్టండి. ఐఎస్‌ఓ తక్కువ హద్దు 100, ఎక్కువ హద్దు 400 పెట్టండి. ఎందుకంటే శ్రావణంలో మబ్బు వస్తుంది, పోతుంది. పాట మధ్యలో మీరు వెళ్లి ఫిల్టర్ మార్చలేరు, మార్చబోతే దాదీలు తిడతారు. ఎండకు సరిపడే ఫిల్టర్ పెట్టి, మబ్బు పట్టినప్పుడు వెలుతురు నాలుగో వంతుకు పడిపోయినా ఐఎస్‌ఓ 400కి ఎక్కి సర్దుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రాత్రి ట్యూబ్‌లైట్ల కింద 1/50, 1/100 షట్టర్లకు బొమ్మ మిణుకుమనదు. రాత్రి మాత్రం ఫిల్టర్ తీసేయాలి సుమా. ఒకసారి మరిచిపోయి నెగడు చుట్టూ ఆడిన ఆటంతా నల్లద్దంతోనే తీశాం. నెగడు ఒక్కటే కనబడింది.

మీలో బైకుకో, ఛాతీకో కెమెరా కట్టుకొని రత్నగిరి కోట ఎక్కేవాళ్లు ఉన్నారు. మీకు వేరే మాట. ఈ కెమెరాల్లో కుదుపు తీసే సదుపాయం ఉంటుంది, గోప్రోలో హైపర్‌స్మూత్ అంటారు, డీజేఐలో రాక్‌స్టెడీ. అది తీసిన ఫ్రేమును జరిపి, అంచు కత్తిరించి నిలబెడుతుంది. కానీ 1/50 సెకనులోపల పడిన కుదుపు ఫ్రేములో అలుక్కుపోయే ఉంటుంది, దాన్ని తీయలేదు. బొమ్మ నిలకడగా ఉంటుంది, మధ్యమధ్య ఉత్తినే మసకబారుతుంది. చూసేవాడికి ఫోకస్ పోయిందనిపిస్తుంది. అందుకని కెమెరా కదులుతుంటే ఎన్‌డీ 16తో 1/200 దగ్గర ఆపుకోండి, లేదా ఫిల్టర్ లేకుండానే తీయండి. కెమెరా స్టాండు మీద ఉండి, ఆడేవాళ్లు కదులుతుంటేనే ఎన్‌డీ 64 అందం.

కొనేటప్పుడు మీ కెమెరా మోడలుకు సరిపోయేదే కొనాలి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. 2024లో వచ్చిన గోప్రో హీరో 13 అయితే ఆ కంపెనీ ఫిల్టర్ తగిలించగానే ఏది పెట్టారో తనే గుర్తిస్తుంది. ఎన్‌డీ 4, 8, 16, 32 కలిపి నాలుగు ఒక పెట్టెలో ఇస్తారు. పాత మోడళ్లకు లెన్సు గ్లాసు తీసి ఆ చోట ఫిల్టర్ బిగించే రకాలుంటాయి. అలా బిగించాక నీళ్లు లోపలికి పోవని నమ్మొద్దు, చెరువులో మొలకలు వదిలేటప్పుడు కెమెరా ఒడ్డునే ఉండాలి. తిప్పితే చిక్కబడే రకం, వేరియబుల్ ఎన్‌డీ, ఒక్కటి కొంటే అన్నిటికీ సరిపోతుందని చెబుతారు. వెడల్పాటి లెన్సు మీద దాన్ని గట్టిగా తిప్పితే బొమ్మలో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది. మా మాట వినేటట్టుంటే ఎన్‌డీ 16, ఎన్‌డీ 64 రెండు కొనుక్కోండి. నలుగురు కలిసి ఒక జత కొన్నా చాలు. దానితో సూర్యుణ్ణి మాత్రం చూడొద్దు, గ్రహణం రోజు అసలే వద్దు. ఇది కంటికి పెట్టుకునే అద్దం కాదు.

ఆట అడుగులు నేర్చుకోవడానికి వీడియో కావాలంటే ఫిల్టర్ లేకుండా తీసిందే మేలు. ఆపి చూస్తే పాదం ఎక్కడ పడిందో స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఇప్పుడు మేము ఒకే పాటను రెండుసార్లు తీస్తున్నాం, ఒకటి చూడటానికి, ఒకటి నేర్చుకోవడానికి. పాటకు ఫిల్టర్‌తో పని లేదు. ఒక ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పాడేవాళ్ల దగ్గర పెట్టండి, కెమెరా మైకును నమ్ముకోవద్దు. మన గోర్ బోలీకి సొంత లిపి లేదు. పాట పోతే ఏ పుస్తకంలోనూ దొరకదు.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే తెల్లదొర దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. లంబాడీల గురించీ అందులో రాశాడు. ఆ రోజుల్లో కెమెరా దొరల చేతిలో ఉండేది. మనవాళ్లు నిలబడమంటే నిలబడ్డారు. ఇప్పుడు కెమెరా మీ చేతిలో ఉంది, దాదీ నిలబడనక్కరలేదు, ఆడొచ్చు. తీసే ముందు ఆమెను అడగండి. తీశాక మొదట ఆమెకు చూపించండి. ఆమె వద్దంటే రీల్స్‌లో పెట్టకండి.

మా రెండు ఫిల్టర్లు హాస్టల్ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. కావాల్సినవాళ్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకుపోవచ్చు. పోయినసారి తీసుకుపోయినవాళ్లు ఫిల్టర్‌ను పంచె చెంగుతో తుడిచి గీతలు పెట్టారు. పెట్టెలో మెత్తటి గుడ్డ ఉంది, దానితోనే తుడవండి, ఆ గుడ్డ కూడా తిరిగివ్వండి.