రాసే గంట ఎవరికి ఉంది?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రోజుకు ఎంత చూస్తున్నాం, ఎంత చదువుతున్నాం, అందులో మనం రాసేదీ చెప్పేదీ ఎంత అన్న లెక్క ఈ మధ్య చాలామంది వేస్తున్నారు. టీవీ కట్టేయండి, ఫోను పక్కన పెట్టండి, రోజూ ఒక పేజీ రాయండి అని సలహాలిస్తున్నారు. దీన్ని కేవలం వ్యక్తుల క్రమశిక్షణ సమస్యగా చూడటం దగ్గరే నాకు అభ్యంతరం. ఆ పేజీ రాసే గంట ఎవరికి ఉంది?

2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు. కూరగాయలు తరుగుతూ సీరియల్ చూడొచ్చు, రేడియో వినొచ్చు. తరుగుతూ రాయలేం. ఆడవాళ్ళు సీరియళ్ళకు అతుక్కుపోతారని వెక్కిరించేవాళ్ళకు ఈ తేడా కనిపించదు.

అలాగని వినడం, చదవడం తక్కువ పనులని కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికొచ్చిన స్త్రీలు వాచకంలో తాగుడు గురించిన కథ చదివి, తమ ఇళ్ళ సంగతులు మాట్లాడుకున్నారు. దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. వాళ్ళు చేసిన పనే మళ్ళీ వాచకంలో పాఠమైంది. అది చదివి ఇతర గ్రామాల స్త్రీలు కదిలారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. (1995 నాటి సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించడం వేరే కథ.) పాఠం చదివిందెవరు, పాఠం తయారు చేసిందెవరు అని అక్కడ గీత గీయగలమా?

జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలది మరో అనుభవం. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. వీళ్ళ స్టూడియో 1998లో ఏర్పడింది. స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతించే విధానం 2006లో గాని రాలేదు. సంఘం రేడియో ప్రసారం మొదలైంది 2008 అక్టోబరు 15న. అన్నేళ్ళూ వాళ్ళు ఊరికే కూర్చోలేదు. విత్తనాల గురించీ చిరుధాన్యాల గురించీ రికార్డు చేసుకుని, ఆ కేసెట్లు సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. అదీ తమ యాసలో. పత్రికల తెలుగు తమది కాదని వాళ్ళు మొహమాటపడలేదు.

ఇక మన సంగతి. బాధిత స్త్రీ చెప్పింది మనం రాసుకుంటాం. అది ‘కేస్ స్టడీ’ అవుతుంది, ఇంగ్లీషులో రిపోర్టు అవుతుంది, నిధులిచ్చేవారికి వెళుతుంది. చెప్పినామె దాన్ని ఎన్నడూ చూడదు. ఆమె ముడిసరుకు, మనం రచయితలం! టీవీ వాళ్ళను విమర్శించే మనం ఇంతకంటే భిన్నంగా ఏం చేస్తున్నట్టు?

నా ప్రతిపాదన చిన్నది. ఈ మూడు నెలల రిపోర్టు బయటకు పంపేముందు తెలుగులో రాసి సంఘంలో చదవండి. వద్దన్న వాక్యం కొట్టేయండి. పేరు ఉండాలో వద్దో ఆమెనే చెప్పనివ్వండి. ఆ సమావేశం ఏ వేళకు పెడితే వాళ్ళకు వీలవుతుందో ముందుగా అడగండి, ఆ పూట వంట ఎవరు చేస్తారో కూడా.