కింద కూర్చోవడం మళ్లీ నేర్చుకున్నం



శామీర్‌పేట వైపు నుంచి మమ్మల్ని రెండు మాటలు చెప్పమన్నరు. పొదుపు, అప్పుల లెక్కలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి. మేము కూర్చోవడం గురించి చెప్తాము. నవ్వకండి.

సంఘమంటే పది పదిహేను మందిమి జంపఖానా మీద గుండ్రంగా కూర్చుంటాము. నడుమ పైసలు, పుస్తకాలు. ఎవరెంత కట్టిన్రో అందరి కండ్ల ముందే లెక్క అయితది. పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ అంటే మాకు అదే.

2016లో మేడ్చల్ జిల్లా అయినంక మా దిక్కు పొలాలు ఇంకా ప్లాట్లయినయి. నాట్లు, కలుపులు తగ్గినయి. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ దిక్కు కంపెనీ పనులు, అపార్ట్‌మెంట్ల పనులు వచ్చినయి. దినమంతా నిలబడుడు, ఇంటికొస్తే సోఫా. సక్లంముక్లం పెట్టి కూర్చుంటే అరగంటకే తిమ్మిర్లు. పెద్దవాళ్లయితే మనుమరాలి చేతికి పైసలిచ్చి పంపుడు మొదలుపెట్టిన్రు.

ఒక నెల టెంట్ హౌసు నుంచి కుర్చీలు తెప్పించినం. కుర్చీలు వేస్తే వరుసలైనయి. పుస్తకం ముందు వరుసలోనే ఉండిపోయింది. "ఏం రాసిన్రు బిడ్డా?" అని ఒక అవ్వ వెనకనుంచి లేచొచ్చి అడిగింది. కుర్చీలు వాపసు పంపినం.

తర్వాత బొంతలు తెచ్చుకున్నం. మొదట నాలుగు మడతలు వేసి, గోడకు ఆనుకొని కూర్చున్నం. పిర్రల కింద ఎత్తుంటే మోకాళ్లు గుంజవు, నడుము వంగిపోదు. పది నిమిషాలకోసారి కాళ్లు మార్చాలి, చాపాలి. నలుగురిలో కాళ్లు చాపితే మర్యాద కాదనే మాట మా సంఘంలో తీసేసినం. ఇంట్లో కూరగాయలు కోసుడు కిందనే పెట్టుకున్నం. నెలకో మడత తగ్గించినం. లేవడమే అసలు కష్టం: పక్కకు తిరిగి, రెండు చేతులు నేలకానించి, ఒక కాలు ముందుకు పెట్టి మెల్లగా లేవాలి.

మోకాలు వాచినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, డాక్టరు వద్దన్నవాళ్లు మాత్రం కింద కూర్చోవద్దు. మా దగ్గర అట్లాంటి ఇద్దరికి స్టూళ్లు వేసినం. అవి కూడా గుండ్రంలోనే, పక్కకు కాదు.

ఆ అవ్వ ఇప్పుడు రెండు మడతల మీద కూర్చుంటది. కొత్త అప్పు మాటొస్తే "పోయిన కిస్తు కట్టిందా, చూపియ్యి" అని పుస్తకం తనవైపు తిప్పుకుంటది. చదువు రాదు గానీ అంకెలు పడతది.

సమాఖ్య హాలుకు కుర్చీలు కొనే తీర్మానం ఈరోజు మన ముందుంది. కూర్చోలేని వాళ్లకు సరిపోను కొందాము. మిగతా పైసలు జంపఖానాలకు పెట్టాలని మా సంఘాల తరఫున అడుగుతున్నాము.