గృహవిద్యుత్పరిశీలన: మన యువకులకొక వృత్తి
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధి, వసతిగృహము, వివాహవ్యయము అను మూడు విషయములను గూర్చి యీ వేదికపై ఏటేట వినుచున్నాము. నేడు మేము మనవి చేయబోవునది కొంత క్రొత్తది. ఇండ్లయందలి విద్యుచ్ఛక్తి యెచ్చట, ఏల ఖర్చగుచున్నదో పరిశీలించి చెప్పు వృత్తి యొకటి కలదు. ఆ వృత్తివానిని ఎనర్జీ ఆడిటరు అందురు.

ముందుగా మా తెలివితక్కువతనమును చెప్పుకొనుట మంచిది. గడచిన వేసవిలో మా యింటి కరెంటు బిల్లు మిక్కిలి పెరిగెను. మీటరు చెడినదని నిశ్చయించి మేము ఆఫీసునకు రెండు అర్జీలు వ్రాసితిమి. దీపములు ఆర్పుటలేదని ఇంటివారిని కసరితిమి. అంతట ఎలక్ట్రికల్ డిప్లమా చదివిన మా బంధువుల కుఱ్ఱవాడొకడు వచ్చి పండ్రెండు నెలల బిల్లులు అడిగెను. ఇంటనున్న పరికరముల వాట్లను, అవి దినమున కెన్ని గంటలు నడచునో ఆ లెక్కను వ్రాసికొనెను. అన్ని స్విచ్చులను ఆపించి చూడగా మీటరు కదలలేదు. వేయి వాట్ల హీటరు కడ్డీని మాత్రము బకెట్టునీటిలో అరగంట యుంచగా సరిగా అరయూనిటు తిరిగెను. మీటరునందు దోషము లేదు.

"మోటారు దినమున కెన్నిమారులు వేయుదురు, తాతగారూ?" అనెను. ఒక్కమారే యంటిమి. "మూడుమార్లు" అని వంటయింటినుండి సమాధానము వచ్చెను!

మేడమీది తొట్టినుండి పెరటికి పోవు గొట్టము భూమిలో కారుచుండెను. ఇంచుమించు కిలోవాటు లాగు మోటారు దినమునకు గంటన్నర యధికముగా నడచినచో నెలకు 45 యూనిట్లు. వాడకము హెచ్చినకొలది యూనిటు వెలయు హెచ్చును గదా. గొట్టము బాగుచేయించుట సులభమే. అర్జీలను వెనుకకు తీసికొనుటయే కష్టమయ్యెను.

ఇక ఈ వృత్తిలో ప్రవేశించు మార్గము. 2001వ సంవత్సరపు ఎనర్జీ కన్సర్వేషన్ చట్టము ననుసరించి ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీవారు జాతీయపరీక్ష జరుపుచున్నారు. ఆడిటరు కాదలచినవాడు నాలుగు పత్రములందు ఉత్తీర్ణుడు కావలయును. ఎనర్జీ మేనేజరునకు మూడే. ఇంజనీరింగు పట్టభద్రులకు మూడేండ్ల, డిప్లమావారికి ఆరేండ్ల యనుభవము ఉండవలెనని నియమము. అది ప్రధానముగా కర్మాగారములకు సంబంధించిన పరీక్ష. ఇండ్ల కొఱకు 2021 డిసెంబరులో ఆ బ్యూరోవారు కేరళయందలి ఎనర్జీ మేనేజ్‌మెంట్ సెంటరుతో కలసి, ఇంజనీరింగు, డిప్లమా విద్యార్థుల కుద్దేశించి గృహపరిశీలనకు ప్రత్యేక శిక్షణక్రమమును ప్రారంభించిరి.

ఇంటివారు పరిశీలన చేయించుకొనితీరవలెనని చట్టము చెప్పదు. కాబట్టి ఇండ్లనే నమ్ముకొనినవాడు మొదట పస్తులుండవచ్చునని దాచక చెప్పుచున్నాము. ఇండ్లయందు చేయి తిరిగినవాడు హోటళ్లకును, ఆసుపత్రులకును పోగలడు. మఱియొకటి. పరిశీలకుడే పంకాలు, ఏ.సీ.లు అమ్మునేని వాని మాట నమ్మదగదు. తనిఖీకి రుసుము పుచ్చుకొనవలెను. అమ్మకమునకు దూరముగా నుండవలెను. ఈ విషయమున మేము పట్టుదల గలవారము.

మన వసతిగృహమునే చూడుడు. గదులలో 40 పంకాలు కలవు. 75 వాట్ల పాత పంకాకు మాఱుగా 30 వాట్ల బి.ఎల్.డి.సి. పంకా పెట్టి దినమునకు 12 గంటలు త్రిప్పినచో, నెలకొక్కింటికి 16 యూనిట్లు, మొత్తముమీద సుమారు 650 యూనిట్లు మిగులును. సభాభవనమున నున్నవియో ఏటికి నాలుగు దినములు తిరుగును. వానిని మార్చుట డబ్బు దండుగ. కార్యవర్గమువారు గతసంవత్సరము అన్నింటిని ఒక్కమారే మార్పదలచిరి. నిధి చాలక ఆగిరి గాని, లెక్కచూచి ఆగలేదు!

విద్యానిధినుండి ముగ్గురు పేద డిప్లమా విద్యార్థుల శిక్షణవ్యయమును భరింపవలెనని కార్యవర్గమును ప్రార్థించుచున్నాము. అందొక్కరైన బాలిక యుండవలెను. ఇంటి లెక్క నిజముగా ఎవరికి తెలియునో పైన విన్నవించితిమి. వారి తొలి పరిశీలన వసతిగృహముననే జరుగుగాక. దాని పండ్రెండు నెలల బిల్లులను కట్టగట్టి కార్యదర్శిగారి బల్లపై నుంచి వచ్చితిమి.