ద్యూతనౌకలు – మన కర్తవ్యము



విద్యార్థి వసతిగృహమునకు విరాళముల నర్థింపవలసిన యీ సభయందు జూదమును గూర్చి ప్రసంగించుటకు నిలిచితిమి. ఇవి రెండును వేఱు విషయములు గావు. వసతిగృహమునకు రావలసిన ధనమే యా త్రోవను పోవుచున్నది.

తాండూరు ప్రాంతమున నాపరాతి బండలును, 2022లో భౌగోళిక గుర్తింపు నందిన కందులును మనకు జీవనాధారములు. పంట సొమ్ము చేతికి వచ్చినంతనే మన యువకులు కొందఱు గోవాకుఁ బయనమగుచున్నారు. మన రాష్ట్రమున జూదగృహములను 1974 నాఁటి చట్టము నిషేధించినది. గోవాలోనన్ననో 1992లో పంచతార హోటళ్లలో జూదయంత్రములకును, 1996లో ఓడలపై బల్లజూదములకును చట్టమే త్రోవ యిచ్చెను. సముద్రనౌకలని పేరే గాని, యవి పణజి చెంత మాండవీనదిలో లంగరు వేసి నిలిచియుండును. 2020లో గోవా ప్రభుత్వము తన ప్రజలు వానిలో నడుగిడరాదని శాసించెను. తన బిడ్డలకు వలదన్న యన్నమును పొరుగు బిడ్డలకు వడ్డించుట యెట్టి విందో మీరే యోచింపుఁడు.

బండల పాలిషు యంత్రము నడుపు మా శిష్యుఁడొకఁ డచటికిఁ బోయి తొలిరాత్రి గెలిచెను. ఆ గెలుపే వానిని ముంచినది. మూఁడేండ్లలో తండ్రి యిచ్చిన నాలుగెకరములు నమ్ముకొనెను. కొన్నవాఁడు చేనిలోనికి ట్రాక్టరు దింపిన నాఁడు గాని యా సంగతి వాని భార్యకుఁ దెలియలేదు.

పిదప వాఁడు మా యొద్దకు వచ్చి, "పంతులుగారూ, ఏబదివేలు సర్దుఁడు. నలుఁడు మరల నాడియే గదా రాజ్యము గెలిచినది? ఆ కథ మీరు చెప్పినదే" యనెను. మాకు నోట మాట రాలేదు.

కొంత తడవునకు కాగితముపై లెక్క వేసి చూపితిమి. "నాయనా, ఆ చక్రమున 37 గడులు గలవు. ప్రతి గడిపైనను రూపాయి చొప్పున నుంచినచో 37 రూపాయలు. ఏ యంకె పడినను నీ చేతికి వచ్చునవి 36. ఒక రూపాయి వారిదే. నలుఁడు ఋతుపర్ణుని వలన నక్షహృదయము నేర్చి, తనవంటి మనుష్యుఁడైన పుష్కరునితో నాడెను. నీ వాడునది మనుష్యునితోఁ గాదు, ఈ లెక్కతో. దీనిని గెలుచు విద్య లేదు."

వాఁ డేమియు ననక లేచిపోయెను. మరల గోవాకుఁ బోయెనా యని యడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. కథను ముప్పదియేండ్లు చెప్పితిమి, లెక్కను ముందే చెప్పమైతిమి.

కాఁబట్టి మా విన్నపములు మూఁడు. జూదపుటప్పు తీర్చుకొనుటకు మరల జూదమాడఁబోవువానికి నెవ్వరును రుణ మీయరాదు. అప్పులలోఁ జిక్కినవాఁడు రహస్యముగా వచ్చి చెప్పుకొనుటకు సంఘమున ముగ్గురు పెద్దలను నియమింపవలెను. వారు వాని మాట వెలిపుచ్చక, వాని యింటి పెండ్లి సంబంధములు చెడకుండఁ గాపాడవలెను. ఇఁక మూఁడవది పోషకులకే. పెండ్లిండ్లలోను, వికారాబాదు తోఁటలలోను పందెపు పేకాటను వేడుకగాఁ దలఁచుట మానుఁడు. ఆ నౌక నెక్కు మెట్లలో మొదటిది మన యింటనే యున్నది.

ఈ మూఁడింటిని తీర్మానముగా నంగీకరింపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.